టికెట్ లేని ఓపీ

తొంభైల మధ్యలో నేను హౌస్ సర్జన్‌ని. పరీక్షలన్నీ పాసయ్యాక కూడా ఇంకా పూర్తి డాక్టరు కాని ఏడాది అది. ఆ ఏడాది ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తేనే సర్టిఫికెట్ చేతికొస్తుంది. పనికి నెలనెలా స్టైపెండ్ ఇవ్వాలి. మాకు దసరాకి ముందు ఒకసారి ఇచ్చారు. తర్వాత దీపావళి వెళ్లింది, శివరాత్రి వెళ్లింది, బజారులోకి మామిడికాయలొచ్చాయి. స్టైపెండ్ మాత్రం రాలేదు.

మా నాన్న కోనసీమ నుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరుగా చేరాడు. మా ఇల్లు కూర్మన్నపాలెంలో. పొద్దున్నే సిటీ బస్సెక్కి, గాజువాక దాటి, పోర్టు పక్కనుంచి వచ్చేసరికి ముఖానికి ఇనుప ఖనిజం ధూళి అంటుకునేది. అందుకే తెల్లకోటు మడతపెట్టి సంచిలో దాచుకుని, ఆసుపత్రి కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాకే తొడుక్కునేదాన్ని. కోటు తొడుక్కుంటే డాక్టరుని. విప్పితే బస్సు పాసు కోసం అమ్మని అడుక్కునే పిల్లని. ఆ అడుక్కోవడం నాకు ఒళ్లు మంటగా ఉండేది. ఉద్యోగం లేక అడుక్కుంటే ఒక రకం. రోజంతా నిలబడి పనిచేసి అడుక్కోవడం ఏం న్యాయం?

ఆ వేసవిలోనే ఓపీ కౌంటరు పక్కన గోడకి ఒక నోటీసు అంటించారు. ఇకనుంచి ఓపీ చీటీకి డబ్బు కట్టాలట. ఎక్స్‌రేకి వేరే, రక్తపరీక్షకి వేరే. అప్పటిదాకా ఇవన్నీ ఉచితం. కారణం కూడా కిందే రాశారు: మందుల ధరలు, వైద్యుల జీతభత్యాల భారం పెరిగినందువల్ల ఈ నిర్ణయం తీసుకోవలసి వచ్చిందని. నేను దాన్ని రెండుసార్లు చదివాను. నా జీతభత్యాలు ఎవరికో భారమయ్యాయన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఆ రోజు నుంచీ రోగులు మమ్మల్ని చూసే చూపు మారింది. అంతకుముందు వరసలో ఎంతసేపు నిలబడినా, మా దగ్గరికొచ్చేసరికి దండం పెట్టేవాళ్లు. ఇప్పుడు చీటీని బల్లమీద విసిరినట్టు పెట్టేవాళ్లు. ఒక ముసలాయన నా స్టెతస్కోపు వైపు చూపించి, "ఇది కూడా మా డబ్బులతోనే కొన్నారేటి?" అని అడిగాడు. అది మా నాన్న ప్లాంటులో ఓవర్‌టైం చేసి కొనిచ్చింది. ఆ మాట ఆయనకి చెప్పలేదు. చెప్పినా నమ్మేలా లేడు.

సముద్రపొడ్డున ఉన్న యారాడ నుంచి ఒకావిడ వచ్చింది ఆ రోజుల్లోనే. అప్పుడు నా డ్యూటీ ఎముకల విభాగంలో. పదకొండు దాటిందేమో, బయట వరండాలో ఒక్కసారిగా కేకలు వినిపించాయి. వెళ్లి చూస్తే, ట్రాలీ మీద ఒక మనిషి పళ్లు బిగపట్టుకుని పడుకున్నాడు. కుడిపాదం కొబ్బరికాయంత వాచింది. తెప్పని ఒడ్డుకి లాగుతుంటే అది జారి పాదం మీద పడిందని పక్కవాళ్లు చెప్పారు. అరుస్తున్నది అతని భార్య. నడుముకి చీర కొంగు బిగించి, ఎక్స్‌రే గది తలుపుకి అడ్డంగా నిలబడింది. చేపలమ్మే గొంతు, వరండా ఆ చివర నుంచి ఈ చివర దాకా మోగుతోంది. కోటు చూడగానే నా మీదికి తిరిగింది.

"ఏటమ్మా డాక్టరమ్మా! మీ జీతాలు పెరగాలంటే మా కాళ్లు ఇరగాలేటి?"

"ముందు కాలు చూడనివ్వమ్మా."

"సూడ్డానికి సీటీ అన్నారు. తెచ్చినాను. ఇప్పుడు పోటో తియ్యడానికి మళ్లీ డబ్బులంతన్నారు. ఆటోవోడికిచ్చి, సీటీకిచ్చి, ఇంకెక్కడ తెత్తాను నాను? వొల వేసి పట్టుకురమ్మంతావేటి?"

నేను వంగి అతని కాలివేళ్లు నొక్కి చూశాను. చల్లబడుతున్నాయి. ఇంకాసేపు ఆలస్యమైతే పాదానికి రక్తం అందడమే కష్టమవుతుంది. ఆవిడ ఆపలేదు.

"మీరు మేడలు కట్టుకోవాల, మేము రసీదులు కట్టుకోవాల..."

అప్పుడు నాక్కూడా కోపమొచ్చింది. "నాకు జీతం రాలేదు," అన్నాను గట్టిగానే. "దసరా నుంచి రాలేదు. నాకే కాదు, ఇక్కడ తెల్లకోటు వేసుకుని తిరిగే పిల్లలెవరికీ రాలేదు. నా బస్సు పాసు మా అమ్మ కొనిస్తోంది."

ఆవిడ నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది. అరిగిపోయిన నా చెప్పుల దగ్గర చూపు ఆగింది.

"నిజిమేనేటి?"

"నిజమే."

"మరైతే నీకూ ఇవ్వక, మా కాడా లాక్కుని, ఆ డబ్బులు ఎవుడు తింతన్నాడు?"

"నాకూ తెలీదు. కానీ అడుగుతాను. ముందు నువ్వు ఆ తలుపు దగ్గర నుంచి జరుగు."

జరిగింది. ట్రాలీని నేనే లోపలికి తోశాను. ఎక్స్‌రే తీసే ఆయన పాతికేళ్ల సర్వీసు ఉన్నవాడు, మెత్తటి మనిషి. "రసీదు, మేడమ్?" అని మొహమాటంగా అడిగాడు. నేను రోగి చీటీ మీద పెద్ద అక్షరాలతో 'అత్యవసరం' అని రాసి, కింద సంతకం పెట్టాను.

"ఫ్రీ రాసే అధికారం మీకు లేదు మేడమ్. సూపరింటెండెంటు గారు రాయాలి."

"నేను ఫ్రీ అని ఎక్కడ రాశాను? అత్యవసరం అని రాశాను. అది రాయడానికే కదా ఐదేళ్లు చదివించారు."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ప్లేటు తీసుకుని లోపలికి వెళ్లాడు. పాదంలో ఎముకలు విరిగాయి. మా అసిస్టెంట్ ప్రొఫెసర్ గారు వచ్చి సరిచేశారు. నేను కట్టు కట్టాను. సాయంత్రానికి వేళ్లు వెచ్చబడ్డాయి.

మర్నాడు సూపరింటెండెంటు గారు పిలిపించారు. ఆయన చెడ్డమనిషి కాదు. మాకు మూడో ఏడాదిలో పాఠం చెప్పారు, బాగా చెప్పారు. బల్లమీద ఆ చీటీ పెట్టి, చూపుడువేలితో నా సంతకాన్ని తట్టారు.

"ఈ సంతకానికి విలువెంతో తెలుసామ్మా?"

"తెలుసు సార్. ఒక పాదం."

ఆయనకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడమ్మా, ఇంత సర్వీసు చేసిన నాకు వచ్చేది మీ నాన్నగారి ప్లాంటులో ఫోర్‌మన్‌కి వచ్చేదాని కంటే తక్కువ. అందుకే సాయంత్రం క్లినిక్ నడుపుకుంటున్నాను. దూది కొనడానికి బడ్జెట్ లేదు. పైనుంచి ఏం చెప్పారో తెలుసా? ఇక్కడ టికెట్ల మీద వచ్చే డబ్బుల్లోంచే మీ స్టైపెండ్లు సర్దుకోమన్నారు. వసూలైతే మీకిస్తాను. నువ్వు ఇలా చీటీల మీద రాసుకుంటూ పోతే నీ స్టైపెండ్ నువ్వే పోగొట్టుకుంటున్నావు. నీదే కాదు, నీ స్నేహితులందరిదీ."

అంటే ఇకనుంచి రోగి చీటీ కొంటే నాకు అన్నం. కొనకపోతే నాకు పస్తు. వాళ్ల జేబుకీ నా పళ్లానికీ ముడివేసి, మమ్మల్ని ఎదురెదురుగా నిలబెట్టారు.

"అలాంటి స్టైపెండ్ నాకొద్దు సార్," అన్నాను. "నాకివ్వాల్సింది ప్రభుత్వం. యారాడ నుంచి వచ్చినావిడ కాదు."

"ఇది రూల్."

"అయితే రూల్ మీదే పోట్లాడతాం."

ఆయన కళ్లజోడు పెట్టుకుని, "వెళ్లమ్మా, ఓపీకి టైమవుతోంది," అన్నారు.

మధ్యాహ్నం లైబ్రరీ వెనక మెట్ల మీద హౌస్ సర్జన్లమందరం కూర్చున్నాం. సూపరింటెండెంటు గారి మాటలు చెప్పాను. ఒక్కసారిగా గొడవ మొదలైంది. కొందరు, ఎలాగైతేనేం డబ్బొస్తే చాలన్నారు. కొందరు ఓపీ మూసేసి, అత్యవసర విభాగం కూడా బహిష్కరించి గేటు ముందు కూర్చుందామన్నారు. నా యూనిట్‌లోనే పనిచేసే స్నేహితుడొకడు ఉండేవాడు. ఎలమంచిలి దగ్గర పల్లెటూరు. వాళ్ల నాన్నకి రెండెకరాల చెరకు. క్లాసులో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చుని నవ్వించే మనిషి. ఆ రోజు లేచి నిలబడ్డాడు.

"బావా, ఒక్క మాట సెప్తాను ఇనండి. నన్ను మా యమ్మ ఇదే ఆసుపత్రిలో కన్నాది. అప్పుడు దాని కాడ సీటీకి డబ్బులడిగుంటే నాను రోడ్డు మీద పుట్టేవోడ్ని. ఇప్పుడు అలాంటి అమ్మల కాడ డబ్బులు దూసి నాకు స్టైపెండ్ ఇత్తారంట. తిన్నది అరుగుద్దేటి నాకు?"

ఎవరూ నవ్వలేదు. అప్పుడు నేను నా ఆలోచన చెప్పాను. ఓపీ మూస్తే పేదవాళ్లే చస్తారు. రేప్పొద్దున పేపర్లో, డబ్బు కోసం డాక్టర్లు ప్రాణాలు తీశారని రాస్తారు. మనం సమ్మె చెయ్యాల్సింది రోగి మీద కాదు, కౌంటరు మీద. గేటు బయట బల్లలు వేసుకుని కూర్చుందాం. ఎవరొచ్చినా టికెట్ లేకుండా చూద్దాం. తెల్లకాగితం మీద మందులు రాద్దాం. స్టైపెండ్ అడుగుదాం, టికెట్ తీసేయమనీ అడుగుదాం. రెండూ ఒక్క నోటితోనే.

సాయంత్రం ఇంటికెళ్లి చెబితే నాన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. భయం ఆయనకి. "ఒక్క ఏడాది నోరు మూసుకుంటే డాక్టరువి. సర్టిఫికెట్ ఆపేస్తే? మన వంశంలో తెల్లకోటు వేసుకున్నది నువ్వొక్కదానివేనమ్మా," అన్నాడు. నేనేదో అనబోయేలోపు మా అమ్మ వంటింటి గుమ్మంలోంచి మాట్లాడింది. నాన్న మాటకి ఎదురు చెప్పడం అంతకుముందు నేనెన్నడూ వినలేదు.

"నోరు మూసుకోవడానికైతే చదివించడం ఎందుకండీ? నోరు మూసుకుని ఉండటం నాకొచ్చు కదా, నేనే నేర్పేదాన్ని. అంత ఫీజులు దండగ."

నాన్న కాసేపటికి మళ్లీ వచ్చి కూర్చుని, పెరుగన్నం కలుపుకున్నాడు.

గేటు పక్కన, బాదం చెట్టు నీడలో బల్లలు వేశాం. షామియానా వాడు మా స్నేహితుడికి తెలిసినవాడు, అద్దె తర్వాత ఇవ్వమన్నాడు. అట్ట మీద ఎర్రసిరాతో రాశాం: 'మా జీతం ప్రభుత్వం ఇవ్వాలి, రోగి కాదు.' మొదటిరోజు జనం దూరంగా నిలబడి చూశారు. ఇదేదో మోసమనుకున్నారు. ఒక తల్లి జ్వరం పిల్లని ఎత్తుకుని జంకుతూ వచ్చింది. చూసి, మందు రాసిచ్చాం. డబ్బులడగలేదని ఆవిడ వెళ్లి చెప్పుకున్నట్టుంది, మర్నాటికి వరస రోడ్డు దాకా వెళ్లింది. మందులమ్మే కంపెనీ కుర్రాళ్లు శాంపిళ్లు తెచ్చి బల్లకింద పెట్టి వెళ్లేవాళ్లు. లోపల కౌంటరు దగ్గర గుమాస్తా చేతులు కట్టుకుని కూర్చునేవాడు.

మూడో నాటికి మా అమ్మ వచ్చింది. కూర్మన్నపాలెం దాటి ఒంటరిగా బస్సెక్కడం ఆవిడకి అదే మొదటిసారి. చేతిలో పులిహోర డబ్బా. వచ్చీ రాగానే తోసుకుంటున్న జనాన్ని చూసి, డబ్బా నాకిచ్చి, వరస సర్దడం మొదలుపెట్టింది. "ఏవండీ, మీరు వెనక్కి రండి. చంటిపిల్లలున్నవాళ్లు ముందు. అయ్యా, మీకు కాదా చెప్పేది, ఆవిడ పొద్దున్నుంచీ నిలబడిందండీ." ఆ గోదావరి మాటకి జనం నవ్వుకున్నారు గానీ మాట విన్నారు.

యారాడ ఆవిడ మళ్లీ వచ్చింది కూడా అప్పుడే, కట్టు చూపించడానికి మొగుణ్ని తీసుకుని. ఒక్కత్తే రాలేదు. వెంట తోటి చేపలమ్మే ఆడవాళ్లు, ఖాళీ గంపలతో. వరసని లెక్కచెయ్యకుండా నేరుగా నా బల్ల దగ్గరికి రాబోతే మా అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వరసలో రావాలమ్మా."

"నువ్వెవరివే? డాక్టరమ్మవా?"

"డాక్టరమ్మని కన్నదాన్ని."

ఆవిడ మా అమ్మని కాసేపు చూసింది. "ఓలమ్మ! బస్సు పాసు కొనిచ్చిన అమ్మవి నువ్వేనేటి?" అని పకపకా నవ్వి, మొగుణ్ని వరసలో కూర్చోబెట్టి, తను మాత్రం మిగతా ఆడవాళ్లతో లోపలికి వెళ్లింది. కౌంటరు ముందు గంపలు బోర్లించి వాటిమీద కూర్చున్నారు వాళ్లు. మేము చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. గుమాస్తా లేవమంటే, "సీటీ తీసీయండి, లెగుత్తాం," అన్నారు. సాయంత్రం దాకా కదల్లేదు. మర్నాడు మళ్లీ వచ్చారు. ఇంకా ఎక్కువమంది వచ్చారు.

పోలీసులొచ్చారు. ఇన్‌స్పెక్టరు షామియానా కర్రని లాఠీతో తడుతూ, పర్మిషన్ ఉందా అని అడిగాడు. "జ్వరానికి పర్మిషన్ ఉందేటి సార్?" అన్నాడు మా స్నేహితుడు. ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. నేను లేచి, మిగతా రోగుల్ని అడిగినట్టే, "మీ బీపీ ఎప్పుడైనా చూపించుకున్నారా? కూర్చోండి," అన్నాను. నిజంగానే అతని మెడనరాలు పొంగి ఉన్నాయి. ఎందుకో మరి, కూర్చున్నాడు. బీపీ చాలా ఎక్కువగా ఉంది. మందు రాసిచ్చాను. "ఇది లోపల చూపించుకుంటే టికెట్ కొనాలి," అని మా అమ్మ వెనకనుంచి అంది. ఆయన కాగితం జేబులో పెట్టుకుని, రోడ్డుకి అడ్డం లేకుండా బల్లలు జరుపుకోమని చెప్పి వెళ్లిపోయాడు.

వారం తిరిగేలోపు హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు వచ్చాడు. మమ్మల్ని సూపరింటెండెంటు గారి గదిలో కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. మాట మర్యాదగా ఉంది. పాత బకాయిలన్నీ రేపే ఇచ్చేస్తానన్నాడు. స్టైపెండ్ కూడా కొంత పెంచుతానన్నాడు. ఒక్క షరతు. టికెట్ పద్ధతికి మాకు అభ్యంతరం లేదని సంతకాలు చెయ్యాలి.

"మీ సమస్య మీ జీతం. అది తీరుస్తున్నాం. మిగతాది మీకెందుకు?" అన్నాడు.

"మా జీతం పేరు చెప్పే కదండీ వసూలు చేస్తున్నారు. అందుకు," అన్నాను.

"అంటే పేదల తరఫున మీరు మాట్లాడుతున్నారా?"

"లేదండీ. వాళ్ల తరఫున వాళ్లే మాట్లాడుతున్నారు, కింద కౌంటరు దగ్గర కూర్చుని. నా తరఫున నేను మాట్లాడుతున్నాను. నా పేరు చెప్పి ఇంకొకరి జేబులో చెయ్యి పెట్టడానికి నేనొప్పుకోను. మా డబ్బు మాకివ్వండి. అది మేము పనిచేసిన డబ్బు. దానికి షరతేమిటి?"

ఆఫీసరు సంతకాల కాగితం తీసి ఇచ్చాడు, అది చేతులు మారింది. ఎక్కువమంది సంతకం పెట్టారు. నేను వాళ్లని తప్పుపట్టలేదు, ఇప్పుడూ పట్టను. కొందరి ఇళ్లలో పెళ్లిళ్లున్నాయి, కొందరు మెస్ బిల్లు కట్టలేక హాస్టల్లో తిండి మానేశారు. పెట్టనివాళ్లం కొద్దిమందిమి మిగిలాం. మా స్నేహితుడు కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. వాళ్ల నాన్న చెరకు ఆ ఏడు ఎండిపోయింది. సంతకం పెట్టాడు. బయటికొచ్చాక బాదం చెట్టు దగ్గర నా ముందు నిలబడ్డాడు.

"సంతకం ఎట్టీసినాను. తిట్టు నన్ను."

"ఎందుకు తిట్టడం? ఆకలి నాటకం కాదు కదా."

"నువ్వు ఎట్టలేదు కదా."

"మా ఇంట్లో క్రేన్ నడుస్తోంది. అన్నానికి లోటు లేదు. నీకూ నాకూ అదే తేడా. రా, టీ తాగుదాం."

షామియానా పీకేశారు. కానీ చేపలమ్మే ఆడవాళ్లు లేవలేదు. ఏ కాగితం మీదా వాళ్ల సంతకాలు లేవు. ఎండలో, వానజల్లులో, కౌంటరు ముందు గంపల మీద కూర్చునే ఉన్నారు. పోలీసులు ఎత్తుకెళ్లి వ్యానులో పడేసి, స్టేషన్‌లో కూర్చోబెట్టి సాయంత్రం వదిలితే, పొద్దున్నే మళ్లీ వచ్చారు. స్టేషనంతా చేపల వాసనని పోలీసులే విసుక్కున్నారట. చివరికి నోటీసు మార్చారు. తెల్లరేషన్ కార్డు చూపిస్తే చీటీ ఉచితం, ఎక్స్‌రే ఉచితం. కార్డు లేనివాళ్లకి రుసుము ఉంటుంది. గెలుపు సగమే. నోటీసులో 'వైద్యుల జీతభత్యాల భారం' అన్న ముక్క మాత్రం లేదు. దాన్ని తీసేశారు.

మా కొద్దిమందికి శిక్ష పడింది. సమ్మె రోజులు లెక్కలోకి రావని, కొన్ని నెలలు మళ్లీ పనిచెయ్యాలని, ఆ నెలలకి స్టైపెండ్ లేదని ఆర్డరు వచ్చింది. దాంతో ఆ ఏడాది పీజీ ప్రవేశాలకి నేను అర్హురాలిని కాలేదు. తోటివాళ్లు వెళ్లిపోయారు. నేను అదే ఎముకల విభాగంలో, అదే వరండాలో తిరిగాను. కార్డు లేనివాళ్లు, కార్డు ఇంట్లో మర్చిపోయినవాళ్లు, పొట్ట చేతపట్టుకుని వేరే ఊరి నుంచి వచ్చి అసలు కార్డే రానివాళ్లు వచ్చేవాళ్లు. వాళ్లందరి చీటీల మీదా 'అత్యవసరం' అని రాసి సంతకం పెట్టాను. నన్ను రెండోసారి పిలిచి అడిగారు. మూడోసారి పిలవలేదు. నా తర్వాత వచ్చిన హౌస్ సర్జన్లు కూడా చూసి నేర్చుకుని అలాగే రాయడం మొదలుపెట్టారు. ఒకరోజు సూపరింటెండెంటు గారు వరండాలో ఎదురై, "నీ అంటువ్యాధి వార్డంతా పాకింది," అన్నారు. ఈసారి నవ్వారు.

సర్టిఫికెట్ వచ్చిన రోజు మా నాన్న షిఫ్టు దిగి, ప్లాంటు బూట్లతోనే నేరుగా ఆసుపత్రికొచ్చాడు. కాగితాన్ని ముట్టుకోకుండా, చేతులకి గ్రీజుందని వెనక్కి కట్టుకుని, నన్ను పట్టుకోమని చెప్పి చదివాడు. "ఆలస్యమైనా వచ్చింది," అన్నాడు. తర్వాత కాస్త ఆగి, "ఆ ఆఫీసరిచ్చిన కాగితం మీద సంతకం పెట్టలేదుగా నువ్వు?" అని అడిగాడు. పెట్టలేదన్నాను. తలూపాడు. ఆ తలూపు నాకు సర్టిఫికెట్ కంటే గట్టిది.

ఆ తర్వాత ప్రభుత్వ సర్వీసులో చేరాను. కాంట్రాక్టు మీద. పర్మినెంటు డాక్టరుకిచ్చేదాంట్లో సగం. ఊళ్లో అప్పుడే అద్దాల మేడల్లాంటి ఆసుపత్రులు లేస్తున్నాయి. వాటిల్లో ఒకదాంట్లో నాకు ఉద్యోగం ఇస్తామన్నారు. జీతం ఎంత చెప్పారో వింటే మా అమ్మ కుర్చీలో కూలబడింది. అయితే నెలకి ఇన్ని స్కానింగులు రాయాలని, ఇంతమందిని మంచాల మీదికి ఎక్కించాలని చెప్పకనే చెప్పారు. మళ్లీ అదే ముడి. రోగి జేబుకీ నా పళ్లానికీ. ఇంటర్వ్యూ మధ్యలోనే లేచి వచ్చేశాను. జీతం ఎక్కువ కావాలని నాకుండేది. ఎందుకుండదు? సన్యాసం తీసుకోలేదు నేను. అది అడగాల్సిన చోట అడిగాను. కాంట్రాక్టు డాక్టర్ల జీతాల కోసం కలెక్టరాఫీసు ముందు కూర్చున్న ప్రతిసారీ ఉన్నాను.

రెండువేల సంవత్సరం దాటిన ఏళ్లలో ఎలమంచిలి వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. ఒక వానాకాలం ఆ మండలంలో జ్వరాలు ముమ్మరంగా ఉన్నాయి. జిల్లా డాక్టర్లందరినీ మీటింగుకి పిలిచారు. వేదిక మీదున్న ఆఫీసరు, ప్రజారోగ్యం ఖర్చు అదుపు తప్పుతోందని, కావాల్సిన మందుల కోసం మేము పంపే ఇండెంట్లు సగానికి తగ్గించి రాయాలని చెప్పాడు. పైగా, మీ జీతాలే తడిసి మోపెడవుతున్నాయని విసురు. నేను లేచాను.

"జ్వరాలు సగానికి తగ్గలేదండీ. ఇండెంటెలా తగ్గించమంటారు?"

"మీరొక్కరే అడుగుతున్నారు. మిగతావాళ్లెవరికీ ఇబ్బంది లేదు. కూర్చోండి."

"జవాబు చెప్పండి, కూర్చుంటాను."

"కూర్చోండమ్మా."

కూర్చోలేదు. ఆయన వేరే విషయంలోకి వెళ్లిపోయాడు. టీకాలన్నాడు, కుటుంబ నియంత్రణన్నాడు. నేను నిలబడే ఉన్నాను. పక్క కుర్చీలోంచి ఎవరో నా కొంగు పట్టి లాగారు. వదిలించుకున్నాను. టీ వచ్చింది. ట్రే పట్టుకున్న అతను నా దగ్గర ఆగి ఏం చెయ్యాలో తెలీక చూస్తే, కప్పు తీసుకుని నిలబడే తాగాను. కాళ్లు పీకుతున్నాయి. బయట వాన పడుతోంది. వేదిక మీద ఆయన మధ్యమధ్యలో నా వైపు చూడటం, చూపు తప్పించుకోవడం గమనించాను. మీటింగు ముగిసిందన్నప్పుడు అందరూ లేచారు. అప్పటికి అందరితోపాటు నేనూ నిలబడినట్టయింది.

మందులు సగమే వచ్చాయి. మిగతా సగానికి అవి వచ్చిన సాయంత్రమే మళ్లీ ఇండెంటు రాసి పంపించాను.